శీతదేశములలో ఉష్ణదేశపు రూపముగల మొక్కలు
వానిని గుర్తించు విధము, పెంచు విధము

మన సభ్యుల కుటుంబములలో కొడుకో, కోడలో, మనుమరాలో ఇంగ్లాండు, స్కాట్లాండు దేశములందు కాపురముండుట నేడు విశేషము కాదు. అట్టివారు ఇంటికి పంపు చిత్రములలో ఒక్కొకప్పుడు మనకు ఆశ్చర్యము గొలుపు దృశ్యము కానవచ్చును. ఇంటి వెనుక దొడ్డిలో అరటిచెట్టు, సముద్రతీరపు వీధిలో తాటిచెట్టు వంటిది, గోడనీడను ఆముదపుచెట్టు వంటిది. అచ్చట నీరు గడ్డకట్టునందురే, అరటి యెట్లు బ్రతుకుచున్నది? అది బ్రతికినచో మన చక్కెరకేళి బ్రతుకదా? ఒక పిలకను పంపినచో గెల వేయదా? అని రైతు అడుగుట సహజము. ఈ ప్రశ్నలకు మాకు తెలిసినంతవఱకు సమాధానము వ్రాయుచున్నాము.

మొదటనే ఒక సంగతి చెప్పవలెను. ఆ చిత్రములలోని అరటి మన అరటి కాదు. ఆ తాడు తాడు కాదు. ఆ ఆముదము చాలసారులు ఆముదమే కాదు. వెడల్పైన ఆకును జూచి ఇది మన దేశపు మొక్క యనుకొని కొన్నవారు ధనము పోగొట్టుకొందురు. మన దేశపు మొక్క గదా యని ఆకునో కాయనో నోట బెట్టినవారు అంతకంటె పెద్ద ఆపదను తెచ్చుకొందురు. కావున పెంచుటకంటె గుర్తించుట ముందు.

ఆ దేశపు శీతోష్ణస్థితిని కొంచెము తెలిసికొందము. కర్నూలు సుమారు 16వ ఉత్తర అక్షాంశమున నున్నది. లండను 51, 52 అక్షాంశముల నడుమ నున్నది. అంత ఉత్తరమున నున్న దేశము ఇంకను చలిగా నుండవలసినదే గాని, అట్లాంటిక్ మహాసముద్రమున నైఋతినుండి వచ్చు వెచ్చని ప్రవాహమును, ఆ దిక్కునుండియే వీచు గాలులును దాని పడమటి తీరమును కొంత కాపాడుచున్నవి. జూను మాసమున లండనులో పగలు పదునాఱు గంటలకు మించును. డిసెంబరులో సుమారు ఎనిమిది గంటలు మాత్రమే. కాబట్టి అచ్చటి మొక్కకు వేసవిలో వెలుతురు మనకంటె అధికముగానే దొరకును, దొరకనిది వేడిమి. చలికాలమున రాత్రులయందు వేడిమి సెంటీగ్రేడు సున్నకు దిగువకు పోవుచుండును.

చలి యనగా మన పొలములపై పడు పొగమంచు కాదు. మన్యమున లంబసింగి ప్రాంతమున డిసెంబరు, జనవరి నెలలందు వేడిమి సున్నకు సమీపించునని చదువరులు వినియుందురు. ఆ చలి నెలల తరబడి, అంతకంటె తీవ్రముగ నుండునని యూహింపవలెను. వేడిమి సున్నకు దిగినప్పుడు ఆకులోని కణముల నడుమనున్న నీరు ముందుగా గడ్డకట్టును. ఆ గడ్డ కణములలోని నీటిని తనవైపునకు లాగుకొనుటచే కణములు ఎండి చితికిపోవును. తెల్లవారి ఎండ తగులగనే ఆకు ఉడికించిన కూరవలె నల్లబడి వ్రేలాడును.

ఐనను కొన్ని మొక్కలు ఏల బ్రతుకుచున్నవి? వెడల్పైన ఆకు ఉష్ణదేశమునకే చెందినది కాదు. చీనా, జపాను, హిమాలయములు, దక్షిణ అమెరికా కొండలు మొదలగు చోట్ల వానలు మెండుగ నుండి చలియు గల లోయలలో పెద్ద ఆకుల మొక్కలు అనేకము పుట్టినవి. అవి తరతరములుగా చలిని ఎఱిగినవి. మఱియొక కారణము రైతునకు ఇట్టే బోధపడును. మొక్క ప్రాణము ఆకులో లేదు, మొవ్వులో నున్నది. ఆకులన్నియు పోయినను మొవ్వు చెడనిచో మొక్క మరల వచ్చును. ఆ మొవ్వు నేలలోపల నున్నదా, నేలపై కాండము కొనన నున్నదా యని చూచినచో ఆ మొక్కను చలినుండి ఎట్లు కాపాడవలెనో చాలవఱకు తెలియును.

ఇక అరటి. మన చక్కెరకేళి, అమృతపాణి, బొంత మొదలగునవి గడ్డకట్టు చలికి ఒక్క రాత్రియు నిలువవు; చలి కొంచెము హెచ్చినంతనే పెరుగుదల మానుకొనును. బ్రిటనులో ఇట్టివానిని వెచ్చబెట్టిన గాజు ఇండ్లలోనే పెంచవలెను. ఈ సందర్భమున ఒక చిన్న చరిత్ర చెప్పకుండ ఉండలేము. ఇంగ్లాండులోని చాట్సువర్తు అను చోట డెవన్‌షైరు ప్రభువగు విలియం కావెండిషు తోటలో జోసెఫు పాక్స్‌టను అను తోటమాలి, మారిషసు ద్వీపమునుండి వచ్చిన ఒక పొట్టి అరటిని గాజు ఇంటిలో పెంచి 1835లో పూయించెను. ప్రభువు వంశనామమే ఆ అరటికి పేరయ్యెను. మన పొట్టి పచ్చ అరటియు, నేడు అనంతపురము, కడప జిల్లాలలో తోటలకు తోటలు వేయుచున్న గ్రాండ్ నైనును ఆ కావెండిషు తెగలోనివే. మన రైతు పలుకు పేరు బొగ్గుతో కాచిన ఒక చలిదేశపు గాజు ఇంటినుండి వచ్చినదని చెప్పిన నమ్మువా రెందఱు!

గాజు ఇల్లు లేక ఆరుబయట నిలుచు అరటి వేఱు. దాని శాస్త్రనామము మూసా బాస్జూ. జపాను అరటి యని అంగడివారు వ్యవహరింతురు గాని, దాని పుట్టినిల్లు దక్షిణ చీనా. జపానులో దీనిని బాషో అందురు. ఆ దేశపు ప్రసిద్ధకవి ఒకడు తన కుటీరము ముంగిట 1681లో శిష్యుడు నాటిన ఈ చెట్టుపేరునే తన పేరుగా గైకొనెను. ఇది పది పండ్రెండడుగుల వఱకు పెరుగును. బోదె సన్నము, ఆకు రెండు ప్రక్కలను లేతపచ్చన, ఈనె యెఱ్ఱగ నుండదు. చుట్టును పిలకలు వేయును. కొన్ని ఏండ్లకు గెల వేయవచ్చును, గెల వేసిన బోదె మన అరటివలెనే చచ్చి పిలకలు నిలుచును. కాని కాయ వ్రేలంత, లోన నల్లని గింజలు, కండ బహుస్వల్పము. తినుటకు పనికిరాదు. పండ్లకొఱకు దీనిని కొన్నవారు మోసపోవుదురు. ఆకుకొఱకు కొన్నవారు సంతోషింతురు. పండుగనాడు విస్తరి వేసికొనుటకు అచ్చటి తెలుగువారికి ఇది చాలునుగాని, గాలికి ఆకు చీలుట మనకంటె అధికము.

దీనిపక్కనే అంగడిలో మఱియొకటి నిలిచియుండును, అది ఎన్సెటి. దీనిని గుర్తించుట సులభము. బోదె అడుగున కుండవలె లావెక్కియుండును; ఆకులు నిక్కి నిలుచును; ఈనె తఱచుగా ఎఱ్ఱన; పిలకలు వేయదు. ఇథియోపియాలో లక్షలకొలది జనులు దీని దుంపను, బోదెను పులియబెట్టి రొట్టె చేసికొని జీవించుచున్నారు. చూపులకు జపాను అరటికంటె ఇదియే గంభీరము. కాని చలికి ఆగదు, పిలకలు లేవు కాబట్టి మొవ్వు చెడెనా, మొక్క పోయినట్లే. చలికాలమునకు ముందే త్రవ్వితీసి ఇంటిలో పెట్టుకొనగలవారే దీనిని కొనవలెను. వేసవిలో రెండును ఒకేవిధముగ పెరుగును. తేడా డిసెంబరులో తెలియును. బిల్లపై పేరు చదువక ఆకు నందమును జూచి కొన్నవారికి కలుగు నష్టమిది.

తాటివంటి చెట్టు సంగతి. ఇంగ్లాండులో ఆరుబయట పెరుగు విసనకఱ్ఱయాకుల చెట్టు చీనాదేశపు ట్రకికార్పసు. రాబర్టు ఫార్చూను అను వృక్షాన్వేషకుడు చీనాతీరమునందలి చూసాను ద్వీపమున దీనిని చూచి, 1849లో క్యూ తోటకు మొక్కలు పంపెను. విక్టోరియా రాణి వైటు ద్వీపమునందలి ఆస్బరను భవనపు తోటలో 1851లోనే ఒకదానిని నాటించిరి. ఇది సున్నకు దిగువ పది డిగ్రీల చలిని సయితము ఓర్చుకొనును. మన తాటికి దీనికి పోలిక ఆకులోను, పోతు, పెంటి వేఱువేఱుగ నుండుటలోను మాత్రమే. తాటిమట్ట అంచున నల్లని ఱంపపు పండ్లుండును. దీని మట్టకు చిన్న గరుకు మాత్రమే. తాటిబోదె నల్లగ గట్టిగ నుండును. దీని బోదెకు గోధుమవన్నె పీచు గొంగడి కప్పినట్లుండును. చీనా రైతులు ఆ పీచుతో త్రాళ్లు పేనుకొని, వానకు కప్పుకొను పొదులు అల్లుకొనెడివారు. ముంజెలు గాని కల్లు గాని దీనినుండి ఆశింపరాదు.

దక్షిణ తీరమున టార్బే తాడు అని పేరుగాంచినది అసలు తాటిజాతియే కాదు. అది న్యూజీలాండు దేశపు కార్డిలైను. ఆకు మొగలిరేకువలె పొడవుగ నుండును గాని అంచున ముండ్లుండవు. చెట్టు పెద్దదైన పిదప కొమ్మలు వేయును. ట్రకికార్పసు ఎన్నడును కొమ్మవేయదు. ఈ గుర్తొక్కటి చాలును. మావోరీజనులు దీని కాండమును, వేరును మట్టి పొయ్యిలో వండుకొని తీపి ఆహారముగ వాడెడివారు. 2010 డిసెంబరులో బ్రిటనులో వచ్చిన మిక్కిలి చలికి ఈ చెట్లు అనేకము తలలు కుళ్లి చచ్చినట్లు కనబడెను. తొందరపడి పెకలించినవారు నష్టపోయిరి. మ్రాను కోసి ఊరకున్నవారికి మరుసటి వేసవిలో మొదటినుండి క్రొత్త చిగుళ్లు వచ్చినవి.

ఆముదము సంగతి మన సభ్యులు శ్రద్ధగ చదువవలెనని కోరుచున్నాము. మహబూబునగరు, నల్గొండ చల్కనేలలలో పుట్టి పెరిగినవానికి ఆముదపాకు తెలియదనుట హాస్యాస్పదము. ఐనను ఇంగ్లాండులో అంగడివారు ఆముదపు మొక్క యను పేరుతో తఱచుగా అమ్మునది ఫాట్సియా యను జపాను పొద. ఆకు పంజావలె చీలియుండుటచే ఆ పేరు వచ్చినది. ఆకును వ్రేళ్లతో నలిపి చూడుడు. ఫాట్సియా ఆకు తోలువలె దళసరిగ, నూనె పూసినట్లు మెఱయుచు, తొడిమ ఆకు అంచున అంటియుండును. ఆముదపాకు మెత్తన, రెమ్మల అంచు ఱంపమువలె, తొడిమ ఆకు అంచున గాక లోపలిభాగమున అంటియుండును, కాడ బోలు. ఫాట్సియా శరత్కాలమున తెల్లని పూలబంతులు పూసి నల్లని చిన్నకాయలు కాయును. ఆముదపు ముండ్లకాయ దానికి లేదు. ఫాట్సియా నీడలోను పెరుగును, సంవత్సరమంతయు పచ్చగ నుండును, సామాన్యమగు చలిని లెక్కచేయదు. క్రొత్తగ తోటపని చేయువారికి దీనికంటె మంచి మొక్క లేదని మా అభిప్రాయము.

నిజమైన ఆముదమును కూడ అచ్చట పెంచుదురు. నూనెకు గాదు, ఎఱ్ఱని ఆకుల అందమునకు. మార్చిలో ఇంటిలోపల కుండలో గింజ నాటి, జూనులో బయట పెట్టినచో సెప్టెంబరునకు మనిషెత్తు దాటును. మొదటి గడ్డకట్టు రాత్రి దానికి తుదిరాత్రి. ఇచట హెచ్చరిక యేమనగా, ఆముదపు గింజలోని రైసిను అను విషము అతితీవ్రమైనది. అది నూనెలోనికి రాదు, చెక్కలో నిలుచును. అందుకే మన రైతు ఆముదపు పిండిని పొలమునకు వేయునుగాని పశువునకు పెట్టడు. చేను ఊరిబయట నుండుటచే మనకు ఈ భయము తక్కువ. ఇంటి గుమ్మమువద్ద ఒక్క చెట్టును పెంచువారికి, పసిబిడ్డలున్నవారికి ఎక్కువ. పూవు వచ్చినప్పుడే కంకిని త్రుంచివేయుట మేలు. ఆకు అందమునకు దానివలన లోటు రాదు.

చేమ విషయమున అంతకంటె సూక్ష్మముగ చూడవలెను. మన చేమదుంపను అంగడిలో కొని, ఏప్రిలులో వెచ్చని గదిలో కుండలో మొలిపించి, జూనులో బయట తడినేలను పెట్టుకొనువారు అచ్చట కలరు. దుంప పెద్దగ ఊరదు; ఆకు మాత్రము బాగుగ వచ్చును. చేమాకునకు తొడిమ ఆకు నడిమిభాగమున వెనుకనుండి అంటియుండును, కొన నేలవైపు వ్రేలాడును, నీటిబొట్టు ముత్యమువలె జారును. ఆకు కొన ఆకాశమువైపు నిక్కి, మెఱుగుగ నున్నది అలొకేసియా; అది అలంకారమునకే. ఇంగ్లాండు కంచెలక్రింద వసంతారంభమున తనంతట మొలచు జానెడు ఆకు ఒకటి కలదు. బాణపుములికివలె నుండి, తొడిమ ఆకు చీలికయొద్దనే అంటియుండును. వేసవికి ఆకు పోయి ఎఱ్ఱని పండ్ల కంకి మాత్రము నిలుచును. అది ఆరము అను విషపుమొక్క. చేమాకు కూర కొఱకు దానిని కోయరాదు. ఆ పండ్లను పిల్లలు ముట్టకుండ చూడవలెను. మన చేమయే పచ్చిగ నున్నప్పుడు గొంతు దురద పెట్టునని ఎఱుగుదుము; ఆరములోని మంట దానికి మించినది.

కరివేపను గూర్చి అడుగువారే అందఱికంటె అధికులు. అది రూపముచే గాక రుచిచే ఉష్ణదేశీయము. దానికి బయట చోటు లేదు. చలికాలమంతయు ఇంటిలో దక్షిణపు కిటికీయొద్ద కుండలో ఉంచి, నీరు తగ్గించి, ఆకు రాల్చినను దిగులుపడక వేసవివఱకు కాచుకొనవలెను. అంతకుమించి దానిని గూర్చి ఇచట వ్రాయము.

ఇప్పుడు పెంచు విధము. నాటుటకు కాలము మన తొలకరి లెక్క కాదు. దక్షిణ ఇంగ్లాండులో మే నడుమవఱకు, ఉత్తరమున జూను మొదటివఱకు రాత్రి గడ్డకట్టు భయము కలదు. అంతకు ముందు బయటపెట్టినది చచ్చును, లేదా దిమ్మరిపోయి వేసవియంతయు తేఱుకొనదు. ఇంటిలో పెంచిన మొక్కను ఒక్కమాఱుగ బయట పెట్టక, పది పండ్రెండు దినములు పగలు బయటను రాత్రి లోపలను ఉంచి అలవాటు చేయవలెను. నారుమడి నీరు తగ్గించి నారును గట్టిపరచు రైతునకు ఇది వింతగ తోచదు.

చోటు నెన్నుకొనుటలో మూడు సంగతులు చూడవలెను. చలిగాలి నీటివలె పల్లమునకు పారును, పల్లపుచోటు పనికిరాదు. దక్షిణముఖముగల ఇటుకగోడ పగటి వేడిని దాచుకొని రాత్రి కొంత వెడలబుచ్చును. దాని యండ మంచిది. చలికాలపు వానకు నీరు నిలుచుచోట దుంప కుళ్లును. చలికంటె తడియే ఎక్కువ మొక్కలను చంపునని అచ్చటి తోటమాలులు చెప్పుదురు. నీరు నిలిచిన పసుపుచేను చూచినవా రెవ్వరును దీనిని కాదనరు.

గాలిని గూర్చి వేఱుగ చెప్పవలెను, ఏలయన చలిని గూర్చి ఆలోచించువారు గాలిని మఱతురు. స్కాట్లాండు వాయవ్యతీరమున 57వ అక్షాంశమునకు పైన, అనగా మాస్కో నగరముకంటె ఉత్తరమున, ఇన్వరూ అను తోట కలదు. ఆస్గుడు మెకంజీ అను భూస్వామి 1862లో అచ్చట పని మొదలుపెట్టినప్పుడు ఆ చోటు సముద్రపుగాలికి బట్టబయలైన ఱాతినేల. ఆయన ముందుగ విదేశపు మొక్కలు నాటలేదు. గాలికి అడ్డముగ సరళజాతి చెట్ల కట్ట నాటి, అది ఎదుగువఱకు చాల సంవత్సరములు కాచుకొనెను. పిదపనే ఆ నీడన న్యూజీలాండు, టాస్మేనియా, చీనా మొక్కలు పెరిగినవి. నైఋతి మూలను సిల్లీ ద్వీపములలోని ట్రెస్కో తోట 1834లో అగస్టసు స్మిత్తు ఆరంభించినది. గడ్డకట్టు చలి అరుదైన చోటు. అట్టిచోటనే 1987 జనవరిలో హిమము కురిసి చలిగాలి వీచి మొక్కలలో చాలభాగము నశించెను. 1990 జనవరి తుపాను గాలికట్టలోని చెట్లను కూల్చెను. మరల నాటి పెంచుకొనిరి. ఎంత అనుకూలమైన చోటైనను ఏదో ఒక సంవత్సరము ఇట్టిది వచ్చును. కావున ప్రతి మొక్కకు ఒక పిలకనో దుంపనో ఇంటిలో దాచుట మంచిది.

ఎరువు, నీరు విషయమున మన అనుభవమే చాలును. అరటికి, మెట్టతామరకు, చేమకు వేసవి నాలుగు నెలలలో పశువులపెంట ఎరువు దండిగ నిచ్చి, నీరు తప్పక పెట్టవలెను. ఆగస్టు దాటిన పిదప ఎరువు మానవలెను. ఆలస్యముగ వచ్చిన లేతకండ చలికి మొదట బలియగును.

మెట్టతామర దుంపలను మొదటి చలికి ఆకులు నల్లబడిన పిదప, కాడలను జానెడు విడిచి కోసి, త్రవ్వితీసి, గడ్డకట్టని గదిలో కొంచెము చెమ్మగల ఇసుకలో పఱచియుంచవలెను. మన పసుపు రైతులు విత్తనపు కొమ్ములను చెట్టునీడను కుప్పవోసి ఆకుతోను మట్టితోను కప్పి కాపాడుకొను పద్ధతియే ఇది. అక్కడ ఎండ భయము, ఇక్కడ చలి భయము. ఆకులపై పసుపుచారలు కనబడిన దుంపను దాచరాదు, అది వైరసు తెగులు. దానిని కాల్చివేయవలెను.

టాస్మేనియా దేశపు ఫెర్ను చెట్టునకు మొవ్వు కాండము కొనన నుండును. కాబట్టి తలలో ఎండుగడ్డి కూరి, ఆకులను దానిపై మడచి కట్టుదురు. దాని కాండము నిజమునకు వేళ్ల అల్లికయే గాన, నీరు మొదట గాక కాండముపై పోయవలెను.

ఇక గన్నెరా. ఆఱడుగుల వెడల్పు ఆకుతో, చెఱువుగట్టున నిలిచిన ఆ మొక్కను జూచి ముచ్చటపడనివారుండరు. బ్రెజిలుదేశపు తెగ నిరపాయమైనదని, చిలీదేశపు తెగ వాగుల వెంబడి వ్యాపించి ఇతర మొక్కలను అణచివేయునని చెప్పుచు, మొదటిదానిని అమ్ముచు వచ్చిరి. కాని బ్రెజిలు తెగయని అమ్మిన మొక్కలలో చాలభాగము రెండింటి సంకరమని బ్రిటనులోని రాజకీయ ఉద్యానసంఘమువారు పరిశోధించి 2023లో ప్రకటించిరి. చిలీ తెగకును దాని సంకరమునకును నిషేధము వర్తించుటచే వానిని అమ్ముట, క్రొత్తగ నాటుట కూడదు. నిపుణులే నూఱేండ్లకు పైగా ఒకదాని పేరుతో మఱియొకదానిని పెంచిరి గదా. స్విట్జర్లాండులో మన ట్రకికార్పసు సయితము అడవులలోనికి ప్రాకుటచే 2024 సెప్టెంబరునుండి దాని విక్రయమును నిలిపివేసిరి. నేడు ఊరికి అందమైనది రేపు కలుపు కావచ్చుననుటకు మన గుఱ్ఱపుడెక్కయే సాక్షి. నాటకముందు ఆ దేశపు నిషిద్ధముల పట్టికను చూచుకొనవలెను.

పిలకను పంపు సంగతి అడిగియుంటిమి. నాటుటకు పనికివచ్చు పిలకగాని, దుంపగాని, గింజగాని ప్రయాణికుని పెట్టెలో, మొక్కల ఆరోగ్యధ్రువపత్రము లేక, బ్రిటనులోనికి తీసికొనిపోరాదు. ఓడరేవునను విమానాశ్రయమునను పట్టుకొని నాశనము చేయుదురు. ఇది వట్టి నిర్బంధము కాదు. అరటిపిలక వెంట మట్టిలో పనామా తెగులు బీజము, వేళ్లలో నులిపురుగు ప్రయాణము చేయును. తెగులు సోకిన తోటనుండి పిలకలు తెచ్చి చేను పాడుచేసికొన్నవారు మన ప్రాంతముననే కలరు. పైగా పంపినను మన చక్కెరకేళి అచ్చటి మొదటి నవంబరును దాటదు. జపాను అరటిని అచ్చటి నర్సరీలోనే కొనుడని బిడ్డలకు వ్రాయుడు.

ఆ జపాను అరటిని చలినుండి కాపాడు విధము ఇది. శరత్కాలమున మొదటి చలికి ఆకులు నల్లబడువఱకు ఊరకుండవలెను. పిదప ఆకులన్నియు కోసి, బోదెను ఛాతీయెత్తున కోసివేయవచ్చును, లేదా నిలువుననే ఉంచవచ్చును. చుట్టును మూరెడు ఎడముగ నాలుగు కఱ్ఱలు పాతి, తీగవల చుట్టి, నడుమ గోధుమగడ్డి ఎండినది నింపవలెను. అణచి నింపరాదు; గడ్డి నడుమ నిలిచిన గాలియే వెచ్చదనమును కాపాడునది. గడ్డి తడిసెనా, కప్పిన ప్రయోజనము పోయి కుళ్లు పుట్టును; కావున పైన రేకునో పలకనో వానకు అడ్డము వేసి, ప్రక్కలను గాలి ఆడనీయవలెను. ప్లాస్టికు సంచితో బిగించి చుట్టుట సామాన్యముగ చేయు పొరపాటు. లోన చెమర్చి బోదె మురిగిపోవును. బోదె చచ్చినను దుంపపై జానెడు ఎండుటాకు కప్పియున్నచో పిలకలు వచ్చుట చాలవఱకు నిశ్చయము. కాని ఏటేట నేలనుండి మొదలుపెట్టిన చెట్టు నడుమెత్తున కొంచెము మించును, బోదెను కాపాడుకొన్న చెట్టు ఇంటికప్పును అందుకొనును.

గడ్డి తీయుటకు మార్చి ఎండను జూచి తొందరపడరాదు. ఏప్రిలు చివర సగము తీసి, మే నడుమ మిగిలినది తీయవలెను. ఆ నడుమ చలి వచ్చునని తోచిన రాత్రి గోనెపట్టా కప్పవలెను. విప్పినప్పుడు బోదె కొన మెత్తగ, కంపుకొట్టుచు నున్నచో దానిని జూచి మొక్క పోయినదనుకొనరాదు. పదునైన కత్తితో కొద్దికొద్దిగ పైనుండి క్రిందికి కోయుచు, తెల్లని గట్టి దూట కనబడుచోట నిలుపవలెను. నేల వెచ్చబడినచో కొలదిదినములలో ఆ కోతనడుమనుండి ఆకుచుట్ట పైకి పొడుచుకొని వచ్చును.